మార్పు చేపకు గాలం ఎప్పుడు వేయాలి?

నిరుడు సంక్రాంతి అయ్యాక మా కుంట గట్టున మూడు రోజులు గాలం వేసుకుని కూర్చున్నా. ఒక్క నాటు మార్పు కూడా తగల్లేదు. మేత లేక నీరసించాయేమో అనుకుని తవుడు, చెక్క గుమ్మరించా. ముట్టలేదు. అది అడుగున కుళ్లి నీళ్లు కంపు కొట్టాయి. మార్పులు పైకొచ్చి గాలి పీల్చుకుని బతికాయి గానీ, బొచ్చెలు చచ్చి తేలాయి. డిప్లొమా చదివినోడిని, చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

చలికి ఈ చేపకు అరుగుదల మందగిస్తుంది, బురద పట్టి కదలదు. శివరాత్రికి చలి పోతుందంటారు, నేనిప్పుడు థర్మామీటర్‌నే నమ్ముతున్నా. తెల్లవారుజామున రెండడుగుల లోతు నీళ్లు వారం పాటు 25 డిగ్రీలు దాటితేనే గాలం. అదీ పొద్దుగూకాక, ఎరువు కుప్పలోని ఎర్రను గుచ్చి. వీడియోలో చూపించింది అదే. తొలకరి పడితే మాత్రం ఆపేస్తా, అప్పుడు ఆడవాటి పొట్టలో గుడ్లుంటాయి.