అడుగక యడుగిడరాని నేల

సిడ్నీ, మెల్బోర్ను నగరములలో బిడ్డల కాపురములు చూడబోవు సోదరీమణులు ఆస్ట్రేలియా యుత్తరభాగమునగల యాదిమవాసుల సీమనుగూడ చూడగోరుట సహజమే. కాని యచ్చటి భూములలో పలుతావులకు బండి టికెట్టు చాలదు, పర్మిట్టు కావలయును. ఇదియేమి పీడయని విసుగుకొనువారు మొదట దీని కథ వినవలెనని మా కోరిక.

ఆర్నెము లాండను సీమను 1931లో దొరతనమువారు ఆదిమవాసులకై ప్రత్యేకించిరి. ప్రత్యేకించిరేగాని హక్కు నీయలేదు. 1963లో యిర్కాలాయొద్ద కొంతనేలను, అచ్చటి యోల్ంగు జనుల నడుగకయే, బాక్సైటు గనులకై విడదీసిరి. వారు తమ భాషయందును ఇంగ్లీషునందును విన్నపములు వ్రాయించి, చెట్టుపట్టలపై నంటించి, చుట్టును తమ కులచిత్రములు దిద్ది పార్లమెంటునకు బంపిరి. 1971లో న్యాయస్థానమువారు వారి దావాను గొట్టివేసిరి. తుదకు 1976వ సంవత్సరపు భూమిహక్కుల చట్టముచే నుత్తరమండలమున నట్టి భూములు వారి సొత్తయ్యెను. నేడా మండలములో నించుమించు సగము వారిదే. అడుగక వచ్చినవారివలన బాధపడిన జనులు, ఇకమీద నడిగి రండనుచున్నారు, పర్మిట్టనగా నింతియే.

దీనిని నార్దరన్, సెంట్రల్ లాండు కౌన్సిలులు మొదలగునవి యిచ్చును. ఎవరెవరు, ఎచ్చటికి, ఏ దినమున, ఏ పనిమీద వత్తురో ముందుగనే వ్రాసికొనవలెను. భూమిగలవారు వలదన్న వలదు. దారికిచ్చిన పర్మిట్టు దారికే చెల్లును. చావడిలో గూర్చుండుమన్న చుట్టము మడివంటయింటిలోనికి జొరబడునా? పర్మిట్టు చేతనున్నను పవిత్రస్థలములు త్రొక్కుట 1989వ సంవత్సరపు చట్టముచొప్పున నేరము. సారాయి మొదలగు మద్యములు పెక్కుచోట్ల నిషిద్ధములు. మనుష్యుల ఫోటో తీయుటకు ముందు వారి నడుగవలెను. చనిపోయినవారి పేరును కొంతకాలము పలుకకుండుట పలుకులములవారి యాచారము. మనవారి నోటికి తాళము పడుట కష్టమేగాని, యచ్చట మాత్రము తప్పదు.

మధ్యభాగముననున్న యులూరు కొండకు పర్మిట్టు గాక పార్కు టికెట్టే చాలును. ఆ కొండను 1985లో అనంగు జనులకు మరల నప్పగించిరి. ఎక్కవలదని వారెంత వేడినను యాత్రికు లెక్కుచునే యుండిరి. 2019 అక్టోబరు 26వ తేదీన నెక్కుట పూర్తిగా నాపివేసిరి. కొండ చుట్టును స్త్రీలకు మాత్రమే చెందిన తావులు కొన్ని కలవు. వాని కథ తల్లులు కూతుండ్రకు జెప్పుకొందురేగాని మగవారు వినరాదు. అట్టిచోట ఫోటో తీయవలదని పలకలు నాటియుందురు. కెమెరా మెడలో వ్రేలాడదీసికొను భర్తలతో బోవువారు ఈసంగతి ముందే చెప్పియుంచుట మేలు.

కకడూ పార్కునుండి గున్‌బలాన్యా గ్రామమునకు బోవువారు ఈస్టు ఆలిగేటరు నదిని కేహిల్సు రేవున దాటవలెను. సముద్రపు పోటు వచ్చినపుడు బాట మునుగును, నీటినిండ మొసళ్లు. కావున పర్మిట్టుతోబాటు పోటువేళల పట్టికనుగూడ సంచిలో నుంచుకొని, తిరుగు వేళను చూచుకొనియే యవ్వలి యొడ్డునకు బోవలెను.