అప్పు పద్దులో తప్పు పడితే



పాల లెక్క మనం క్యాలెండరు మీద రాసుకుంటాం. నెలాఖరున పాలవాడి లెక్కకూ మన లెక్కకూ తేడా వస్తే ఊరుకోం కదా! అలాగే మన పేరున ఇంకెవరో రాస్తూ పోతున్న పెద్ద పద్దు ఒకటుంది. దాన్ని మాత్రం మనలో చాలామందిమి ఒక్కసారైనా చూసి ఉండం. అదే రుణ చరిత్ర, అంటే క్రెడిట్ రిపోర్టు.

మన దేశంలో ఈ పద్దు రాసే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. 2005లో చేసిన చట్టం కింద ఇవి రిజర్వు బ్యాంకు అదుపులో నడుస్తాయి. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు మన వాయిదాల సంగతి వీటికి పంపుతాయి. దాన్నిబట్టి 300 నుంచి 900 దాకా మార్కులు పడతాయి. మార్కులు తగ్గితే అప్పు పుట్టకపోవచ్చు. పుట్టినా వడ్డీ ఎక్కువ పడొచ్చు.

"అప్పులన్నీ మావారి పేరునే ఉన్నాయి, నాకెందుకీ గొడవ?" అనకండి. అబ్బాయి చదువు అప్పుకు తల్లిగా సంతకం పెట్టారా? తమ్ముడి అప్పుకు జామీను ఉన్నారా? వాళ్లు వాయిదా తప్పితే ఆ మచ్చ మీ పద్దులోనూ పడుతుంది. పొదుపు సంఘాల సభ్యుల అప్పు వివరాలు కూడా పంపాలని 2016లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

ఇక తప్పులెలా వస్తాయో చూద్దాం. పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది. పాన్ కార్డులో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు ఉంటే మన పేరే ఉన్న మరొకావిడ బాకీ మన లెక్కలో కలవొచ్చు. తీర్చేసిన అప్పు ఇంకా ఉన్నట్టే కనిపించొచ్చు. ఒకే అప్పు రెండుసార్లు ఎక్కొచ్చు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11 దాకా వరంగల్ జిల్లాలోని ఊళ్లే. అందుకని పాత చిరునామాలో వరంగల్ జిల్లా అని ఉంటే గాభరా పడకండి. చిరునామా తేడా ఒక్కదానికే మార్కులు తగ్గవు.

కనిపించిన ప్రతి బాకీ తప్పు కాదు సుమండీ. 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్సు వసూళ్లకు కళ్లెం వేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. ఆ తరువాత చాలామంది వాయిదాలు ఆపేశారు. కానీ వేధింపులు ఆపడం వేరు, అప్పు మాఫీ వేరు. నిజంగా మిగిలిన బాకీని తీర్చుకోవాలే గాని తుడిపించలేం. తక్కువ కట్టి రాజీ చేసుకుంటే "సెటిల్డ్" అని రాస్తారు. అది పూర్తిగా తీర్చినట్టు కాదు, తరువాతి అప్పుకు అడ్డం రావచ్చు.

నిజంగానే తప్పు పడితే ఏం చేయాలి? ముందు రిపోర్టు తెప్పించుకోండి. ఏడాదికొకసారి ప్రతి సంస్థా పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. పేరు, పుట్టిన తేదీ, పాన్ నంబరు, ఒక్కొక్క అప్పు వరసగా సరిచూడండి. అప్పు తీరినట్టు బ్యాంకువారిచ్చిన కాగితం, రసీదులు, పాస్‌బుక్కు దగ్గర పెట్టుకోండి. ఆ సంస్థ వెబ్‌సైటులోనే ఫిర్యాదు చేయొచ్చు, రుసుము లేదు. బ్యాంకుకూ రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఎందుకంటే బ్యాంకు ఒప్పుకోనిదే ఆ సంస్థ తనంతట తాను పద్దు మార్చదు.

30 రోజుల్లో ఫిర్యాదు తేల్చాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున మనకు పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికీ పని కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా మొర పెట్టుకోవచ్చు. వివరాలకు 14448కి ఫోను చేయండి.

మీరు తీసుకోని అప్పు మీ పేరున కనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి. బ్యాంకుకూ, పోలీసులకూ వెంటనే తెలపండి.

"డబ్బిస్తే స్కోరు పెంచుతాం" అనేవాళ్లను నమ్మకండి. నిజమైన పద్దును వాళ్లు చెరపలేరు, తప్పు పద్దును దిద్దుకోవడానికి వాళ్ల అవసరం లేదు. వాళ్లకు ఓటీపీ చెప్పారంటే ఉన్నదీ పోతుంది.

అప్పు తీర్చిన రోజున రసీదు పుచ్చుకోవడంతో పని అయిపోలేదు. నెలా రెండు నెలలయ్యాక రిపోర్టులో "క్లోజ్డ్" అని పడిందో లేదో కూడా చూసుకోండి. రేపు పిల్లల చదువుకో, సొంత ఇంటికో అప్పు కావలసిన వేళ ఈ జాగ్రత్తే ఆదుకుంటుంది.