దసరా చీటీ, ఉగాది తీర్పు

ఉగాదినాడు పంచాంగ శ్రవణం కాగానే మన ఇళ్ళలో అందరూ తమ తమ రాశుల ఆదాయ వ్యయాలు లెక్క వేసుకుంటారు. లమ్తపుట్‌లో మా ఇంట దానితోబాటు మరొక శ్రవణం కూడా కలదు. అటకమీదనుంచి పాత బిస్కట్ల డబ్బా ఒకటి దించుతాము. అందులో కిందటి దసరాకు ఇంటిల్లిపాదీ రాసి మడిచిపెట్టిన చీటీలుంటాయి. వాటిలో ఉండే ప్రశ్న ఒక్కటే: మన ఫుట్‌బాలు టీము ఈ ఏడు లీగులో ఎన్నో స్థానంలో నిలుస్తుంది? డబ్బు పందెం మాటే లేదు, అది మా నాన్నగారి కట్టడి. అందరికంటె ఎక్కువగా జోస్యం తప్పినవారు పచ్చడిలో వేపపువ్వు మరొక చెంచా వేసుకొని తినాలి, అంతే.

అయితే "మన టీము" ఏది అన్న దగ్గరే మా ఇంట తగవు. నాన్నగారిది హైదరాబాదు. మా అబ్బాయిది ఒడిశా. మా తాతగారు మాచ్‌ఖండ్ విద్యుత్ ప్రాజెక్టు పనులనాడు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. నాన్నగారు ఇక్కడే పెరిగినా, ఫుట్‌బాలు అనగానే ఆయన మనస్సు హైదరాబాదుకు పరుగెత్తుతుంది. అందుకు కారణం లేకపోలేదు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన రహీం సాహెబే భారత జట్టుకూ శిక్షకుడై, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో దానిని నాలుగవ స్థానానికి చేర్చారు.

జోస్యం సంగతి వచ్చినప్పుడల్లా నాన్నగారు 1962 జకార్తా ఆసియా క్రీడలను ఎత్తుకుంటారు. భారత జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. ఆనాడు చీటీ రాయమంటే ఎవరు మాత్రం బంగారు పతకమని రాసి ఉందురు? సెప్టెంబరు 4న జరిగిన ఫైనలులో అదే కొరియాను మనవారు 2-1తో ఓడించారు. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జట్టులోనివాడే. రహీం సాహెబు అప్పటికే కాన్సరుతో బాధపడుతున్నారు. మరుసటి ఏడు జూనులో కన్నుమూశారు. "మొదటి ఆట చూసి చివరి మాట చెప్పకూడదురా" అని నాన్నగారు ముగిస్తారు.

ఇక నేటి టీముల సంగతి. ఇండియన్ సూపర్ లీగులో హైదరాబాదు ఎఫ్.సి., ఒడిశా ఎఫ్.సి. రెండూ 2019లోనే వెలిశాయి. పూనా టీము మూతబడగా దాని స్థానంలో హైదరాబాదు వచ్చింది. ఢిల్లీ డైనమోస్ అనే టీము భువనేశ్వరానికి తరలివచ్చి ఒడిశా అయింది. మా డబ్బా పుట్టింది కూడా ఆ దసరాకే.

మొదటి ఏడు హైదరాబాదు 18 ఆటలలో రెండే గెలిచి, 10 పాయింట్లతో అట్టడుగున పదవ స్థానంలో పడింది. నాన్నగారు ఒకటి అని రాశారు. వేపపువ్వు ఎవరి పాలయిందో వేరే చెప్పనక్కరలేదు. మరుసటి ఏడు స్పెయిను దేశస్థుడు మనోలో మార్కెజ్ శిక్షకుడుగా వచ్చాడు. టీము అయిదవ స్థానానికి ఎక్కింది. 2021-22లో లీగులో రెండవ స్థానం. ఆ పైన 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనలులో కేరళతో 1-1తో సమానమై, పెనాల్టీలలో గోలుకీపరు కట్టిమణి మూడింటిని ఆపగా, కప్పు హైదరాబాదుదయింది. ఆ రాత్రి నాన్నగారు పెరుగన్నం సగంలో వదలి వీధిలోకి వచ్చి నిలబడ్డారు. 2022-23లో మళ్ళీ రెండవ స్థానం.

తరువాతి కథ చెప్పటం కష్టం. మార్కెజ్ వెళ్ళిపోయాడు. డబ్బు ఇబ్బందులు ముంచుకొచ్చి పేరున్న ఆటగాళ్ళు ఒక్కొక్కరే విడిచిపోయారు. 2023-24లో 22 ఆటలకు ఒక్కటే గెలుపు, 8 పాయింట్లు, పన్నెండింటిలో పన్నెండవ స్థానం. కప్పెత్తిన రెండేళ్ళకే అడుగంటిపోయింది. 2024-25లోనూ పన్నెండే, కాకపోతే టీములు పదమూడు.

ఒడిశాది ఇంత ఒడిదుడుకుల నడక కాదు. ఆరేళ్ళలో వరుసగా 6, 11, 7, 6, 4, 7. నడుమ 2023 ఏప్రిల్‌లో బెంగుళూరును 2-1తో ఓడించి సూపర్ కప్పు కూడా తెచ్చుకొన్నది. ఆనాటినుంచి మా అబ్బాయి కాలు నేలమీద ఆనలేదు.

మా ఇంట జోస్యాలు చెప్పేవారిలో మూడు తెగలున్నవి. నాన్నగారిది ఆశ తెగ, ఏటా ఒకటో రెండో రాస్తారు. నాది లెక్క తెగ, కిందటేడు ఎక్కడ నిలిచిందో అదే రాస్తాను. మా అమ్మ ఫుట్‌బాలు చూడదు. రెండు టీములకూ ఏటా అయిదు అని రాసి డబ్బాలో పడేస్తుంది. "మధ్యన రాస్తే ఎటు తప్పినా కొంచెమే తప్పుతుంది" అంటుంది.

మొన్న కూర్చుని 2020-21 మొదలు అయిదేళ్ళ చీటీలూ లెక్కకట్టాను. హైదరాబాదు విషయంలో నా చీటీలు మొత్తం 18 స్థానాలు తప్పాయి, అమ్మవి 20. ఒడిశా విషయంలో నావి 15, అమ్మవి 12. కూడితే నేను 33, అమ్మ 32! అంతేకాదు, నేను ఒక్క 2023-24లోనే పది స్థానాలు తప్పాను. అమ్మ ఏనాడూ ఏడుకు మించి తప్పలేదు. ఇంత చదువూ చదివి, ఆటలన్నీ చూచి, నేను సాధించినది ఇదీ.

అలాగని లెక్కను గాని, అమ్మ అయిదును గాని నమ్ముకుంటే సరిపోతుందా? ఇంగ్లండులో లెస్టర్ సిటీ అనే టీము 2014-15లో 14వది. మరుసటి ఏడు అది లీగు గెలుస్తుందని రూపాయి కాసిన వానికి అయిదు వేలిస్తామని పందెపు కంపెనీలు చాటాయి. అది గెలిచింది. అటువంటి ఏడు ఆశ తెగవారిదే అవుతుంది. అందుచేత చీటీ రాసేముందు కిందటేటి స్థానంతోబాటు మరి రెండు విషయాలు విచారించటం మంచిది: శిక్షకుడు మారాడా, జీతాలు సరిగా అందుతున్నవా? హైదరాబాదు ఎక్కుడుకూ దిగుడుకూ మూలం ఈ రెంటిలోనే ఉన్నది.

2025లో ఒప్పందాల చిక్కులవల్ల లీగు వేళకు మొదలు కాలేదు. అయినా దసరాకు చీటీలు రాశాము. అవి డబ్బాలో ఉండగానే, ఆ అక్టోబరులో హైదరాబాదు టీము పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది. వార్త విని నాన్నగారు ఏమీ అనలేదు. స్టూలు వేసుకొని, డబ్బా దించి, తన చీటీ వెతికి తీశారు. ఉగాదికి ముందు డబ్బా విప్పటం మా ఇంట అదే మొదలు. అందులో 3 అని ఉంది.

మా అబ్బాయి వేళాకోళం చేస్తాడేమోనని నేను భయపడ్డాను. వాడు మెల్లగా, "తాతగారూ, మా ఒడిశా టీము ఢిల్లీనుంచి వచ్చిందే కదండీ. అప్పుడు అక్కడ కూడా ఎవరో తాతగారు ఇలాగే చీటీ చేత్తో పట్టుకొని కూర్చుని ఉంటారు" అన్నాడు.

నాన్నగారు చాలాసేపు వాడివంక చూశారు. తరువాత, "టీములు ఊళ్ళు మారతాయిరా. ఈ కోరాపుట్ సీమలో మనవాళ్ళు ఉన్నచోటే ఉన్నారు, 1936లో రాష్ట్రమే వారిని దాటి వచ్చింది. ఉన్న ఊరిని మనదనుకోవటానికి వాళ్ళకూ కొన్నేళ్ళు పట్టి ఉంటుంది" అన్నారు.

ఆ సాయంత్రం మనుమణ్ణి పిలిచి కలం అడిగి, కొత్త చీటీ ఒకటి రాసి మడిచి డబ్బాలో వేశారు. ఏ టీము పేరు రాశారో ఎవరికీ చూపలేదు. మా అమ్మ మాత్రం వంటింట్లోంచి, "అయిదు రాయకపోయారా!" అన్నది.