సర్పగంధి

మా విద్యార్థులలో అనేకులకు ఉదయమున తాతగారికి రక్తపుపోటు మాత్ర అందించుట నిత్యకృత్యము. ఆ మాత్రల చరిత్రలో మన దేశపు చిన్న పొద యొకటి గొప్ప స్థానము నాక్రమించినది. అదియే సర్పగంధి. పాటలగంధి యనియు వాడుక కలదు. గన్నేరు, నందివర్ధనము, బిళ్ళగన్నేరు దీని బంధువులే. ఆకులు మూడేసి చొప్పున కణుపుచుట్టును పుట్టును; వేరు కటికచేదు.

పూర్వులు దీనిని పాముకాటునకును, నిద్రలేమికిని, చిత్తచాంచల్యమునకును వాడిరి. బీహారున దీనికి ‘పాగల్ కీ దవా’ యనియే పేరు. ఇది రక్తపుపోటును తగ్గించునని 1931లో కలకత్తాకు చెందిన గణనాథ సేన్, కార్తికచంద్ర బోసు గారలు ప్రకటించిరి. ఆ యేటనే ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీగారు వేరునుండి కొన్ని క్షారపదార్థములను వేరుపఱచి, ఒకదానికి హకీం అజ్మల్ ఖానుగారి పేర ‘అజ్మలిన్’ అని పేరిడిరి. శాస్త్రజ్ఞుడు తన పేరు పెట్టుకొనక పెద్దల పేరు నిలుపుట మాకు ముచ్చట గొలుపును. 1949లో బొంబాయి వైద్యులు రుస్తుం జాల్ వకీలుగారు తమ రోగులపై చూచిన ఫలితములను బ్రిటిషు హృద్రోగపత్రికలో ప్రకటింపగా లోకము దృష్టి యిటు మఱలెను. 1952లో స్విట్జర్లాండున ‘రెసర్పిన్’ అను సారము వెలువడెను.

మన బెంగుళూరునకును ఈ కథతో సంబంధము కలదు. 1930లో డెహ్రాడూనున పుట్టిన హిమాలయా సంస్థ 1934లో ఈ వేరుతో ‘సెర్పినా’ అను మాత్రను తెచ్చినది. మదించిన యేనుగులకు బర్మాలో ఈ వేరు తినిపించుట చూచి సంస్థాపకులు మనాల్ గారికి ఆ యూహ కలిగెనని ఆ సంస్థవారు చెప్పుదురు. 1975లో వారు బెంగుళూరున కర్మాగారము నెలకొల్పిరి.

“రెండును మొక్కనుండి వచ్చినవే కదా, మాత్ర మాని వేరుపొడి తిన్న తప్పేమి?” అని తల్లిదండ్రులు కొందఱు మమ్మడుగుదురు. తగిన ప్రశ్నయే. నాడుల కొనలయందు నార్‌అడ్రినలిన్ అను పదార్థము నిలువయుండును. అది రక్తనాళములను బిగించును. రెసర్పిన్ ఆ గాదెను ఖాళీ చేయగా నాళములు సడలి పోటు తగ్గును. అయితే మెదడునందలి గాదెలు కూడ ఖాళీయగును. అందుచే కొందఱికి తీవ్రమైన దిగులు పట్టును; ముక్కు దిబ్బడవేయును. కావుననే వైద్యులు నేడు దీనిని మొదటి మందుగా వ్రాయుట అరుదు. ఇచ్చినను దినమునకు మిల్లీగ్రాములో పాతికవంతుకు మించనీయరు. వేరులోని సారమో, నేలనుబట్టి, మొక్క వయసునుబట్టి మాఱుచుండును. చెంచాతో కొలిచిన పొడిలో అది యెంత యున్నదో ఇంటిలో నెవరు చెప్పగలరు? పోటు పెరిగినను పెక్కుమందికి నొప్పి తెలియదు. మాత్ర మానిన మఱునాడు బాగుగనే యుండుటచే పొడి పనిచేసినదని భ్రమ కలుగును. పొడి తినదలచినవారు ముందుగా తమ వైద్యునికి చూపవలెను. తినుచున్న మాత్రను తమంతట మానరాదు.

వేరుకొఱకు త్రవ్విన మొక్క మఱి బ్రదుకదు. అడవులలో అతిగా త్రవ్వుటచే నిది అరుదై, 1990లో అంతర్జాతీయ వాణిజ్యనియంత్రణకు లోనైనది. తోటలలో పెంచుదమన్న విత్తనములలో మొలకెత్తునవి తక్కువ. వేరు పనికివచ్చుటకు ఏడాదిన్నరకు తక్కువ పట్టదు.