ఒక బంతి కొడితే ఒకటే ఎందుకు లేస్తుంది?

ఒకే బరువున్న ఐదు ఉక్కు బంతులు ఒకదాన్నొకటి ఆనుకుని వరుసగా వేలాడుతున్నాయి. ఈ కొస బంతిని లాగి వదిలితే ఆ కొసన ఒక్క బంతే, దాదాపు అంతే ఎత్తుకు లేస్తుంది. దీన్ని న్యూటన్ ఊయల అంటారు గానీ, ఇలాంటి ప్రయోగాలను అంతకుముందే వివరించినవాడు ఫ్రాన్సు శాస్త్రవేత్త మారియట్. 1687 నాటి తన గ్రంథంలో న్యూటనే ఆయనను పేర్కొన్నాడు. మరి రెండు బంతులు సగం వేగంతో ఎందుకు లేవవు? ద్రవ్యవేగం లెక్క అప్పుడూ సరిపోతుంది కదా! సరిపోతుంది. కానీ గతిశక్తి వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి సగమే మిగులుతుంది. గట్టి ఉక్కు నొక్కుకుని వెంటనే పూర్వరూపానికి వస్తుంది; అంత శక్తిని మింగదు.

చాలామంది వివరణను ఇక్కడే ఆపేస్తారు. అది చాలదు. మూడు బంతులుంటే, మొదటిది మూడో వంతు వేగంతో వెనక్కి వచ్చి, మిగతా రెండూ మూడింట రెండు వంతుల వేగంతో ముందుకు పోయినా రెండు లెక్కలూ కుదురుతాయి. కాగితం మీద వేసి చూడండి! అయినా అలా జరగదు, ఎందుకంటే దెబ్బ అన్నిటికీ ఒకేసారి తగలదు, జంట తర్వాత జంటగా సాగుతుంది. కదిలే బంతి, ఆగివున్న సమానమైన బంతిని సూటిగా ఢీకొంటే రెండు నియమాలకూ ఒప్పే ఫలితం ఒక్కటే: వచ్చింది ఆగుతుంది, ఆగివున్నది దాని వేగంతో కదులుతుంది. ఇలా వేగం చివరి బంతిదాకా చేతులు మారుతుంది. బంతులు ఆనుకునే ఉంటే జంటలు ఎక్కడివని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అలా ఆనుకున్నప్పుడు ఈ విభజన పూర్తిగా నిజం కాదు; అందుకే అసలు ఊయలలో మధ్య బంతులు కూడా కొద్దిగా కదులుతాయి.