బాణం కన్నా ముందే జింకను చేరే చప్పుడు

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లోని నల్లమలలో విల్లంబుల వేట చెంచులకు తరాల విద్య. మరి బాణం వదిలాక కూడా జింక ఎలా తప్పించుకుంటుంది? లెక్క చూద్దాం.

జింక 20 మీటర్ల దూరంలో ఉంది, బాణం వేగం సెకనుకు 50 మీటర్లు అనుకుందాం. చేరడానికి 0.4 సెకన్లు పడుతుంది. వింటినారి చప్పుడు సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది కాబట్టి 0.06 సెకన్లకే జింక చెవిన పడుతుంది. మిగిలిన టైంలో బెదిరిన జింక దూకడానికి కాళ్లు వంచి కిందికి కుంగుతుంది. బాణం వీపు మీదుగా పోతుంది. దూరం 10 మీటర్లయితే దానికి దొరికే టైం సగమే. అందుకే అలికిడి లేకుండా దగ్గరికి పోవడమే అసలు నేర్పు.

ఇప్పుడు ఆ అడవి అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటమే కాదు, ఆ మాంసం కొన్నా, ఇంట్లో పెట్టుకున్నా నేరమే. ఎవరైనా తెచ్చిస్తామన్నా వద్దనండి.