పొట్ట గోడకు ప్లాస్టిక్ వల

ఆపరేషన్ థియేటర్‌లో మెష్ ప్యాకెట్ విప్పితే చేతికొచ్చేది పల్చటి తెల్లని వలముక్క. బరువే తెలియదు. దీపం వైపు పట్టుకుంటే అవతలి మనిషి కనిపిస్తాడు. కత్తెరతో ఎటు కత్తిరించినా పోగులు ఊడవు.

ఇది రాకముందు ఉన్నవి కుట్లే. పొట్ట గోడ బలహీనపడ్డ చోట పేగు బయటికి తోసుకొస్తే (ఇదే హెర్నియా), దాన్ని లోపలికి నెట్టి రెండంచులనూ దగ్గరకు లాగి కుట్టేవారు. గజ్జల హెర్నియాకు ఈ పద్ధతిని 1887లో ఇటలీ సర్జన్ ఎడోవార్డో బస్సీనీ ఓ గాడిలో పెట్టాడు. కానీ దగ్గినా, ముక్కినా, బరువెత్తినా ఆ భారమంతా దారాల మీదే పడుతుంది. దారం తెగకపోయినా, అది పట్టుకున్న కండ కోసుకుపోతుంది. పాత ఆపరేషన్ గాటు మీద వచ్చే హెర్నియాల్లో ఈ బెడద మరీ ఎక్కువ.

అతుకు వేద్దామని వెండి తీగల వలలు, తర్వాత టాంటలం వలలు వాడి చూశారు. రోజంతా వంగే పొట్టలో లోహం ఎన్నాళ్లుంటుంది? విరిగి ముక్కలయ్యేది. హ్యూస్టన్‌లో సర్జన్ ఫ్రాన్సిస్ అషర్ 1958లో ప్లాస్టిక్ వైపు తిరిగాడు. మొదట పాలిథీన్‌తో నేసిన వల, కొన్నేళ్లకే పాలీప్రొపిలీన్‌తో అల్లిన వల. నేసింది కత్తిరిస్తే అంచున పోగులు ఊడతాయి, అల్లిన దానికి ఊడవు. ఆ కన్నాల్లోంచి ఒంటి కణజాలం పెరిగి వలను తనలో కలిపేసుకుంటుంది.

1980లలో లాస్ ఏంజెలెస్‌లో సర్జన్ ఇర్వింగ్ లిక్టెన్‌స్టైన్ అసలు అంచులను లాగొద్దు, ఖాళీ మీద వల పరచండి అన్నాడు. నా దృష్టిలో హెర్నియా వైద్యంలో మలుపు ఇదే. 2000లో వెలువడ్డ డచ్ అధ్యయనం గాటు హెర్నియాలను మూడేళ్లు గమనించింది. కుట్లు మాత్రమే వేసినవాళ్లలో 43 శాతం మందికి మళ్లీ వచ్చింది, మెష్ పెట్టినవాళ్లలో 24 శాతం మందికి. మేలే, కానీ నలుగురిలో ఒకరికి తిరగబెట్టిందన్నమాట.

పెద్ద హెర్నియాల కష్టం వేరు. పేగులు ఏళ్ల తరబడి బయటి తిత్తిలోనే ఉండిపోతే లోపలి చోటు కుంచించుకుపోతుంది. బలవంతంగా లోపలికి కుక్కితే ఊపిరాడదు. అంచుల మధ్య దూరం జానెడు ఉన్నప్పుడు వలను వంతెనలా వేసి వదిలేస్తే పొట్టకు కండబలం రాదు. దీనికి సర్జన్ ఆస్కార్ రమిరెజ్ బృందం 1990లో శవాలపై పరీక్షించి ఓ ఉపాయం చెప్పింది. పక్క గోడలో మూడు పొరల కండరాలుంటాయి. పై పొరను విడదీస్తే మిగతాది మధ్యకు జరుగుతుంది, నడుము దగ్గర ఒక్కో వైపు దాదాపు 10 సెంటీమీటర్లు. అయితే ఇందుకు చర్మాన్ని విశాలంగా లేపాలి. దాంతో గాయం మానక చీము పట్టడం మామూలైంది. 2012లో యూరీ నోవిట్‌స్కీ బృందం కండరాల వెనక నుంచి వెళ్లి లోపలి అడ్డ కండరాన్ని విడదీసింది. వెడల్పాటి చోటు దొరికింది. మెష్‌ను కండరాల వెనక, పేగులకు తగలకుండా పరవొచ్చు. కండరాల వెనక వల పెట్టడం ఫ్రాన్స్‌లో సర్జన్లు రీవ్, స్తోపా అంతకుముందే అలవాటు చేసిన పని.

ఈలోగా జర్మనీలోని ఆఖెన్ సర్జన్లు వలనే ప్రశ్నించారు. పాత మెష్‌లు పొట్టకు కావలసిన దానికంటే చాలా గట్టివి. కన్నాలు చిన్నవైతే పక్కపక్క పోగుల చుట్టూ పెరిగిన మచ్చ కణజాలం కలిసిపోయి మెష్ అట్టలా బిగుసుకుంటుంది. అప్పటి నుంచి కన్నాలు పెద్దవయ్యాయి, ప్లాస్టిక్ తగ్గింది.

ధర మాట కూడా ఉంది. మహారాష్ట్రలోని దొండాయిచాలో సర్జన్ రవీంద్రనాథ్ తోంగావ్‌కర్ దోమతెర గుడ్డను శుద్ధి చేసి గజ్జల హెర్నియాలకు వాడారు. 2003లో తోటి సర్జన్లతో కలిసి ఆ ఫలితాలు ప్రచురించారు. తర్వాత ఉగాండాలో 302 మంది మగవాళ్లపై అలాంటి చౌక వలను కంపెనీ మెష్‌తో పోల్చి చూశారు. 2016లో అచ్చయిన ఆ ఫలితాల్లో ఏడాది తర్వాత చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. జాగ్రత్త మాత్రం తప్పదు: దోమల మందు పట్టించిన తెర పనికిరాదు, శుద్ధి 121 డిగ్రీల దగ్గరే చేయాలి. ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ వేడి 134 డిగ్రీలకు పెంచితే గుడ్డ ముడుచుకుపోతుంది.